ముక్కు కొన కింద మూడు రాళ్లు

ఆపరేషన్ థియేటర్‌లో ఆయా పనికి చేరే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, "ఏం నేర్చుకోవాలి అమ్మమ్మా?" అని అడుగుతారు. చేతులు కడుక్కోవడం నేర్చుకోండి అంటాను. నవ్వుతారు. నవ్విన వాళ్లకు రెండో మాట చెప్పను. నవ్వకుండా నిలబడ్డ వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నేను చదివింది నాలుగో తరగతి. తొంభైల్లో చిక్కడపల్లి మెయిన్ రోడ్డు వెనక సందులో ఉన్న ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో థియేటర్ ఆయాగా పనిచేశాను. అశోక్‌నగర్‌లో కిరాయికి ఉండేవాళ్లం. రోజూ నడిచే వచ్చేదాన్ని. కాళ్లుండగా బస్సెందుకు? అక్కడ కాన్పులు, హెర్నియాలు, అన్నీ చూశాను. కానీ నాకు పని నేర్పింది ముక్కులు. ముక్కుల డాక్టరు విశ్వనాథం గారు. గుంటూరు వైపు మనిషి, ప్లాస్టిక్ సర్జన్. పొద్దున నారాయణగూడలో రోగులను చూసి, మధ్యాహ్నం మా దగ్గరికి ఆపరేషన్లకు వచ్చేవారు. అక్కడికే వచ్చిన రోగులు ఉంటే వాళ్లనూ చూసేవారు.

వేలితో మొదలు

ఆయన రోగి పేరు అడగక ముందే చూపుడువేలు చాచి ముక్కు కొన మీద పెట్టేవారు. మెల్లిగా నొక్కి వదిలేవారు. ఆడపిల్లలు ఉలిక్కిపడేవారు, మగవాళ్లు కోపంగా చూసేవారు. ఆయనకు పట్టేది కాదు. నొక్కిన కొన ఎంత వేగంగా లేస్తుందో, ఎటు ఒరుగుతుందో చూసేవారు. మంచి ముక్కు కొన చపాతీ పిండి కాదు, నొక్కితే సొట్ట పడి ఉండిపోదు. వెంటనే లేస్తుంది. లేవకపోతే లోపల ఏదో కూలిందన్నమాట.

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న సుధీర్ గారనే కుర్ర డాక్టరుకు రోజూ ఇదే పాఠం.

"కెమెరా పెట్టే మూడు కాళ్ల స్టాండు చూశావా? ముక్కు కొన అదే. రెండు రంధ్రాల పక్కన రెండు కాళ్లు, నడిమి గోడ ముందు ఒక కాలు. అన్నీ మెత్తటి ఎముకే, చెవిలో ఉండేలాంటిది. పక్క కాళ్లు పొట్టివైతే కొన పైకి లేస్తుంది. నడిమి కాలు కుంగితే కొన కిందికి వాలుతుంది."

స్టాండు సంగతి నాకు తెలియదు. నాకు మా అమ్మ పొయ్యి గుర్తొచ్చింది. మూడు రాళ్లు, పైన కుండ. ఏ రాయి కుంగితే కుండ అటే ఒరుగుతుంది. ఆ రోజు నుంచి ఆయన కాలు అన్న చోటల్లా నేను రాయి అనుకున్నాను. పనికి అది చాలింది.

ఆ రాళ్లు విడిగా కూడా నిలబడవు. పక్క రాళ్లు పై ఎముకను అంటిపెట్టుకుని ఉంటాయి. నడిమి రాయి వెనక ఉన్న గోడకు ఆనుకుని ఉంటుంది. మీద చర్మం గట్టిగా కప్పి ఉంటుంది. ఇవన్నీ ఒకదాన్నొకటి పట్టుకుంటేనే మనం తుమ్మినా, ముక్కు చీదినా, బోర్లా పడుకున్నా పొద్దునకు ముక్కు ముక్కులాగే ఉంటుంది. అద్దంలో చూసుకునేటప్పుడు ఇదెవరికీ గుర్తు రాదు.

బకెట్ సంగతి

డాక్టరు గారిని పొగడడానికి కూర్చోలేదు. ఆయనకు కోపం ఎక్కువ. చేతిలోకి సరైన పనిముట్టు రాకపోతే దాన్ని కింద పడేసేవారు. అది మళ్లీ ఉడకబెట్టాలి, గ్యాసు దండగ. దూది కట్టలు కట్టలుగా వాడేవారు. నేను అడిగితే, "అనసూయమ్మా, దూది మీద పిసినారితనం వద్దు" అనేవారు.

మెత్తటి ఎముక విషయంలో మాత్రం ఆయన నాకన్నా పిసినారి. కోసి తీసిన ప్రతి ముక్కా ఉప్పునీళ్లున్న స్టీలు గిన్నెలో ఉండాలి. చివరి కుట్టు పడేదాకా ఏదీ బకెట్‌లోకి పోకూడదు. బియ్యపు గింజంత ముక్క అయినా సరే. ఆ గిన్నె కాపలా నా పని.

ఒకసారి సుధీర్ గారు విసుక్కున్నారు. "సార్, ఇంత చిన్నది దేనికి?"

అప్పుడు పెద్దాయన తన సంగతి చెప్పారు. పని కొత్తలో ఒకామె ముక్కు లావుగా ఉంది, సన్నం చేయమని వచ్చిందట. ఈయన కొంచెం తీశారు. కట్టు విప్పాక ఆమె అద్దంలో చూసి ఇంకొంచెం అంది. మళ్లీ కోసి ఇంకొంచెం తీశారు. ముక్కు అందంగా వచ్చింది, ఫోటో కూడా తీసి పెట్టుకున్నారు. ఏడాది తిరిగేసరికి కోసిన చోట మచ్చ లోపల బిగుసుకుని, మిగిలిన పలచటి ఎముకను లాగేసింది. రంధ్రాలు నొక్కుకుపోయాయి, కొన గిల్లినట్టు అయింది. ఆమె నోటితో గాలి పీలుస్తూ వచ్చి ఎదురుగా కూర్చుందట.

"తీసింది బల్ల మీద కనిపిస్తుంది సుధీర్. ముక్కును మోసేది లోపల మిగిలింది. అది ఫోటోలో కనిపించదు."

సంసారం చేసినదాన్ని కాబట్టి నాకు ఈ మాట వెంటనే తలకెక్కింది. ఈ పనిలో చాలామంది గొప్ప డాక్టర్లు కత్తి వేగాన్ని చూసి మురిసిపోతారు. నేను ఆగే చేతిని చూసేదాన్ని.

గుర్రం తల

యాదగిరి అంబర్‌పేట నుంచి వచ్చాడు. సన్నాయి ఊదుతాడు. గుళ్లో ఉత్సవాలకు, పెళ్లిళ్లకు వెళ్లే మేళంలో అన్న, ఇతనూ కలిసి ఊదేవారు. ఒక ఊరేగింపులో పెళ్లికొడుకు ఎక్కిన గుర్రం టపాసులకు బెదిరి తల విసిరింది. ఆ తల వచ్చి ఇతని ముక్కుకు తగిలింది. ముక్కు లోపల నడిమి గోడకు రెండు పక్కలా రక్తం చేరి ఉబ్బింది. అప్పుడే చీరి తీయించుకుంటే పోయేది. ముహూర్తాలు వరసగా ఉన్నాయని బామ్ రాసుకుని ఊదుతూ తిరిగాడు. అది చీము పట్టింది. చీము తీయించుకునేసరికి గోడ ముందు భాగం కరిగిపోయింది.

డాక్టరు గారు వేలు పెట్టి నొక్కారు. కొన నానిన అప్పడంలా లోపలికి పోయింది. వదిలితే మెల్లిగా, సగం వరకే వచ్చింది.

"పీల్చు" అన్నారు.

యాదగిరి గాలి పీల్చాడు. రెండు రంధ్రాలూ తలుపులు వేసినట్టు మూసుకుపోయాయి.

"సారూ, ఊదేటప్పుడు నోరు ఖాళీ ఉండదు. బుగ్గలల్ల గాలి పట్టి ఊదుకుంటనే ముక్కుతోని ఎగబీల్చాలె. గప్పుడే పాట తెగది. ఇప్పుడు నాకు పాట నడిమిట్ల తెగుతున్నది. మా అన్న ఒక్కడే ఊదుతుండు, నన్ను శ్రుతిపెట్టె కాడ కూసోబెట్టిండ్రు. మూఢం పోయి లగ్గాలు షురూ అయ్యేటాలకు ఊదకపోతే నా జాగల వేరేటోన్ని పెట్టుకుంటరట."

"ఊదడం నాకు తెలీదయ్యా, గాలి ఎటు పోతుందో తెలుసు" అన్నారు డాక్టరు గారు. నడిమి కాలు కుంగింది, పక్క గోడలు వదులయ్యాయి, లోపల కొత్త గుంజ పాతాలి అని విడమరిచి చెప్పారు.

యాదగిరి జేబులోంచి చిన్న డబ్బీ తీశాడు. అందులో సన్నాయి మొదట్లో పెట్టి ఊదే పీకలు, ఎండు గడ్డి కాడతో చేసినవి ఉన్నాయి. ఒకటి వేళ్ల మధ్య పట్టుకుని చూపించాడు. "దీన్ని సన్నగ గీకితే మెత్తగ పలుకుతది సార్. ఇంక జర గీకితే ఊదంగనే మూతబడుతది. గట్లయ్యిందా నాకు?"

"అంతే. దాన్ని ఏం చేస్తావు?"

"పారేస్త సార్."

"నేను పారేయలేను కదా" అన్నారు డాక్టరు గారు. యాదగిరి పక్కున నవ్వాడు. నవ్వితే కొన ఇంకా కిందికి వాలింది.

ఎక్కడి నుంచి తేవాలి

కొత్త గుంజకు మెత్తటి ఎముక కావాలి. ముక్కులో మిగల్లేదు. పక్కటెముక చివర తీస్తే గట్టిగా ఉంటుంది. చెవి లోపల గిన్నెలా ఉండే గుంటలోంచి తీస్తే మెత్తగా, వంపుగా వస్తుంది. సుధీర్ గారు పక్కటెముకే అన్నారు. పుస్తకం ప్రకారం ఆయన మాట తప్పు కాదు.

యాదగిరి చేతులు ఛాతీ మీద పెట్టుకున్నాడు. "గీడ కొయ్యకుండ్రి సారూ. ముక్కు ఇచ్చి ఊపిరి తీసుకుంటరా ఏంది?"

ఎముక కొంచెం తీస్తే ఊపిరి పోదని, కొన్నాళ్లు నొప్పి ఉంటుందని డాక్టరు గారు చెప్పారు. కానీ ఆ చేతుల వైపు కాసేపు చూసి, చెవులే ఖాయం చేశారు. చెవి వెనక నుంచి తీస్తే చెవి ఆకారం మారదు. వంపుగా ఉన్న రెండు ముక్కలను వీపులు ఆనించి కుట్టారు. ఒకదాని వంపును ఇంకొకటి లాగి పట్టింది, రెండూ కలిసి నిటారుగా నిలబడ్డాయి. ఆ గుంజను ముక్కు నడిమి కాలు పక్కన నిలబెట్టి కుట్టారు. రంధ్రాల పక్కన రెండు పలచటి పలకలు పెట్టారు.

గిన్నెలో ఇంకొక ముక్క మిగిలింది. చివరి కుట్టు పడుతోంది కదా అని సుధీర్ గారు నా వైపు చూసి బకెట్ అన్నట్టు తల ఊపారు. నేను పెద్దాయన వైపు చూశాను.

"చెవి వెనక చర్మం కింద పెట్టి కుట్టెయ్. ఒంటి కన్నా మంచి అల్మారా లేదు" అన్నారు ఆయన.

సుధీర్ గారు మాస్కు వెనక నవ్వినట్టున్నారు. దాచి కుట్టారు.

అమ్మ చేయి

ఈ భాగం బాగా చదవండి.

యాదగిరి తల్లి మల్లమ్మ. అంబర్‌పేటలో బాలింతల ఇళ్లకు పోయి పసిపిల్లలకు నూనె రాసి స్నానం పోసేది. కాళ్లు చాపి, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టి, బొటనవేలు చూపుడువేలు కలిపి ముక్కును పైనుంచి కిందికి లాగుతారు చూడండి, కోటేరులా రావాలని, ఆ పనిలో ఆమెకు పేరు. ఆపరేషన్ రోజునే నాతో అంది: "నా చేతుల పడ్డ ముక్కు ఏదీ చప్పిడి కాలె అక్కా. గుర్రం కొట్టకముందు వీనిది కూడ ఎంత మంచిగుండె."

నేను వాదించలేదు. నేనూ నా ముగ్గురు పిల్లలకు ఒత్తాను. ముగ్గురికీ వాళ్ల నాన్న ముక్కే వచ్చింది.

కట్టు విప్పాక ముక్కు వాచి ఉంటుంది. కొన కొంచెం పైకి ఉన్నట్టు, ఒక పక్క లావుగా ఉన్నట్టు కనిపిస్తుంది. నెలలు పడుతుంది సర్దుకోవడానికి. ముట్టుకోవద్దు, చీదొద్దు, చెప్పేదాకా సన్నాయి పట్టొద్దు అని డాక్టరు గారు యాదగిరికి చెప్పారు. అతను అన్నింటికీ సరే సార్ అన్నాడు. ఇంటికి పోయాడు.

తర్వాత ఒక పొద్దున తల్లీ కొడుకూ మా గుమ్మంలో నిలబడ్డారు. మల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. యాదగిరి ముక్కు కొన ఎడమకు ఒరిగి, కిందికి దిగి ఉంది. దగ్గరికి పోతే కొబ్బరినూనె వాసన.

కబురు పంపితే డాక్టరు గారు వచ్చారు. వేలు పెట్టారు, నొక్కలేదు. "ఎవరు ముట్టుకున్నారు?"

యాదగిరి నేల చూశాడు. "అమ్మ సార్. వంకర కనవడుతున్నదని, స్నానం పోసినప్పుడల్లా జర నూనె పెట్టి సక్కగ చేసింది. నేనే కూసున్న. నాకూ భయమైంది సార్, లగ్గాలు దగ్గరకొచ్చినయ్. అమ్మ చెయ్యి కదా అనుకున్న."

ఆయన ఎవరినీ తిట్టలేదు. పనిముట్టు కింద పడేసే మనిషి, బయటికి పోయి, కారిడార్‌లో రెండు సార్లు అటూ ఇటూ నడిచి వచ్చారు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

దాచిన ముక్క

మళ్లీ బల్ల ఎక్కించారు. పాత కోతనే విప్పారు. గుంజ అడుగు భాగం కింది ఎముక మీద నుంచి పక్కకు జారింది. కుట్టు తెగి, కలిపిన రెండు ముక్కలు విడిపోయాయి. ఒకటి మడతపడి పనికిరాకుండా పోయింది. ఇంకో దాని కోసం మళ్లీ ఛాతీ వైపు చూడాల్సిందే అనుకున్నాను.

"సుధీర్, అల్మారా తెరువు" అన్నారు పెద్దాయన.

చెవి వెనక చిన్న కోత. లోపల పెట్టిన ముక్క పెట్టినట్టే ఉంది, తెల్లగా, తడిగా. నేను గిన్నె పట్టుకున్నాను. ఆ ముక్కతో గుంజను మళ్లీ జత చేసి, ఈసారి అడుగున ఇంకో కుట్టు వేసి బిగించారు. సుధీర్ గారు తర్వాత సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్నాక, తన థియేటర్‌లో కూడా గిన్నె కాపలాకు మనిషిని పెట్టారని విన్నాను.

కట్టు కట్టాక డాక్టరు గారు మల్లమ్మను గదిలోకి పిలిచారు. ఆమె తిట్లు తినడానికి సిద్ధమై వచ్చి నేల మీద కూర్చుంది.

"లేవండి. కుర్చీలో కూర్చోండి. మీ ముక్కు మీరే ఒకసారి నొక్కండి."

నొక్కింది.

"వదలండి. ఏమైంది?"

"లేసింది సార్."

"దాన్ని లేపింది ఏమిటి?"

"దేవుడు."

"సరే. దేవుడు దాని కింద ఏం పెట్టాడు?" అని, మళ్లీ ఆ కెమెరా స్టాండు మొదలుపెట్టారు. మల్లమ్మ నా వైపు చూసింది.

"పొయ్యి రాళ్లు, మల్లమ్మా" అన్నాను.

డాక్టరు గారు ఆగి, అదే పట్టుకున్నారు. మూడు సీసా మూతలు బల్ల మీద పెట్టి, వాటి మీద దూది గిన్నె పెట్టారు. ముందున్న మూత తీశారు, గిన్నె ఒరిగింది. "మీ అబ్బాయికి ఈ రాయి కరిగిపోయింది. నేను కొత్త రాయి పెట్టాను. అది ఇంకా మట్టిలో కూరుకోలేదు. మీరు కుండ కదిపారు."

"నా చెయ్యి ఇరగ" అని ఆమె నెత్తి కొట్టుకుంది. "నా కొడుకు నోటికాడి బువ్వ నేనే తీస్తినా?"

"పసిపిల్లల ముక్కు రబ్బరులాంటిదమ్మా. మీరెంత లాగినా మళ్లీ తన దారికి పోతుంది. అందుకే మీ చేతికి ఇన్నాళ్లూ ఏ చెడ్డపేరూ రాలేదు. ఇది వేరు." మెల్లిగా అన్నారు: "తప్పు మీది కాదు. మీ ఇంట్లో ఇలాంటి చేయి ఒకటి ఉందని నేను అడిగి తెలుసుకోలేదు. రోగికి చెప్పి ఊరుకున్నాను."

ఆ రోజు నుంచి మా దగ్గర ఒక పద్ధతి వచ్చింది. ఇంటికి పంపే రోజున రోగితో కాదు, ఆ ఇంట్లో పెద్ద ఆడమనిషితో మాట్లాడాలి. అత్తో, అమ్మో, మేనత్తో, ఎవరి చేయి అలవాటుగా లేస్తుందో వాళ్లతో. ఆమె ముక్కు ఆమె చేతనే నొక్కించి, మూడు మూతలు పెట్టి చూపించాలి. ఆ పని నాకే అప్పగించారు. మందు చీటీ ఎవరైనా చదివి చెప్పొచ్చు. చేతులకు చెప్పే మాట మాత్రం చేతులకే చెప్పాలి.

లగ్గాలు

ఆ మూఢం పోయింది, లగ్గాలు వచ్చాయి. యాదగిరి ఊదకూడదని డాక్టరు గారు ఖండితంగా చెప్పారు. అతని చోటులోకి వేరే మనిషి వచ్చాడు. ఆ సీజనంతా అతను శ్రుతిపెట్టె దగ్గరే కూర్చున్నాడు. కథ బాగా రావాలని అది దాచడం నాకు ఇష్టం లేదు. రెండో ఆపరేషన్ తప్పును సర్దుతుంది, పోయిన రోజులను తేదు. వచ్చే లగ్గాలకు కూడా ఊదలేకపోతే సన్నాయి అమ్మేసి ఏదైనా దుకాణంలో చేరతానని ఒకసారి చెకప్‌కు వచ్చి అన్నాడు. డాక్టరు గారు వేలు పెట్టి నొక్కి వదిలారు. కొన లేచింది. "సన్నాయి అమ్మేయకు" అన్నారు, "అమ్మాలంటే నన్ను అడుగు."

తర్వాతి లగ్గాల్లో నారాయణగూడలో ఒక ఫంక్షన్ హాల్‌కు పోయాను. మా పక్కింటి వాళ్ల పెళ్లి. చదివింపులకు స్టీలు గ్లాసు కొని, సంచిలో పెట్టుకుని వెళ్లాను. లోపలికి అడుగుపెడుతుంటే సన్నాయి వినిపించింది. ఇద్దరు ఊదుతున్నారు. రెండోవాడు యాదగిరి.

మేళం పక్కనే కింద చాప మీద మల్లమ్మ కూర్చుని ఉంది. పెళ్లివాళ్లకు ఏమీ కాదు, కొడుకు వెంట వచ్చింది. నేను పోయి పక్కన కూర్చున్నాను. ఆమె నన్ను చూసింది గాని పలకరించలేదు. కళ్లు కొడుకు మీదే. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని ఒళ్లో పెట్టుకుంది.

అయ్యగారు గట్టిమేళం అన్నారు. డోలు లేచింది. అక్షింతలు పడుతున్నాయి, అందరూ పెళ్లిపీటల వైపు చూస్తున్నారు. మేమిద్దరం ముక్కు వైపు చూస్తున్నాం. బుగ్గలు ఉబ్బాయి. పాట సాగుతూనే ఉంది. పాట మధ్యలోనే అతను గట్టిగా ఎగబీల్చాడు. రంధ్రాల పక్క గోడలు వణికాయి. మూసుకోలేదు. మళ్లీ ఎగబీల్చాడు. కొన కదలలేదు. పాట తెగలేదు.

ఏ రాగం ఊదాడని మీరు అడిగితే నాకు తెలియదు. నేను వినలేదు.

"నిలవడ్డదా అక్కా?" అంది మల్లమ్మ, చూపు తిప్పకుండానే.

"నిలబడ్డది."

"నేను ముట్టలే" అంది. కొంగులోంచి చేతులు అప్పుడు బయటికి తీసింది.